సంతకం

1930 జూన్‌లో బెర్లిన్‌లోని యూదు విద్యాలయంలో ఒక విద్యార్థిని తన పరిశోధన వ్యాసం అప్పగించింది. పేరు రెజీనా యోనాస్. వయసు 27. వ్యాసానికి ఆమె పెట్టిన శీర్షిక ఒక ప్రశ్న. స్త్రీ రబ్బీ పదవిలో ఉండవచ్చునా?

ఆ విద్యాలయం ఆర్టిలరీ వీధిలో ఉండేది. రబ్బీలు కాబోయే యువకులు అక్కడ తాల్ముద్ అనే ధర్మశాస్త్ర గ్రంథం, బైబిల్, చరిత్ర, తత్త్వం చదివేవాళ్ళు. ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది. వాళ్ళు చదువు ముగించుకుని బడుల్లో మతబోధ చేసే ఉపాధ్యాయినులుగా వెళ్ళేవాళ్ళు. అంతకు మించి ఏదైనా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. రెజీనా అనుకుంది. ఆ మాట దాచుకోలేదు కూడా.

రబ్బీ పూజారి కాదు. ధర్మశాస్త్రం లోతుగా చదివి, సందేహంతో వచ్చినవాళ్ళకు ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని తేల్చి చెప్పగల పండితుడు. ఆ అర్హత మార్కులతో రాదు. అప్పటికే రబ్బీ అయిన గురువు శిష్యుణ్ణి శాస్త్రంలో పరీక్షించాలి. యోగ్యుడని కాగితం రాయాలి. కింద సంతకం పెట్టాలి. ఆ గురువుకూ ఒకప్పుడు ఒక గురువు అలాగే సంతకం పెట్టి ఉంటాడు, ఆయనకు మరొకరు. ఆ సంతకం పడని వాళ్ళు ఎంత చదివినా ఆ వరసలోకి రారు.

రెజీనా 1902 ఆగస్టు 3న బెర్లిన్‌లోనే పుట్టింది. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన పేద యూదులు కిక్కిరిసి బతికే పేట అది. తండ్రి వ్యాపారి. ఆమెకు పన్నెండేళ్ళు నిండకముందే పోయాడు. ఆస్తి ఏమీ మిగల్చలేదు. తల్లి సారా ఇద్దరు పిల్లల్నీ పెంచుకొచ్చింది. ఇంట్లో నిష్ఠ గట్టిది. శనివారం విశ్రాంతి, ఆహార నియమాలు, పండుగలు, ఏదీ తప్పేది కాదు. పేటకు దగ్గర్లోని యూదుల ప్రార్థన మందిరం, సినగాగ్‌లో మాక్స్ వైల్ అనే రబ్బీ ఉండేవారు. ఆచారపరుడే అయినా ఆడపిల్లలకు చదువు చెప్పాలని నమ్మిన మనిషి. రెజీనా తెలివి ఆయన గమనించారు. ఆమె పెద్దదైన తర్వాత కూడా వారానికోసారి ఆయన దగ్గర కూర్చుని శాస్త్రం చదివేది.

ఆమె వ్యాసం ఆ ఇంటి నుంచి, ఆ చదువు నుంచి వచ్చింది. కాలం మారింది కనుక పాత ధర్మాన్ని పక్కన పెట్టాలని ఆమె వాదించలేదు. ఆ మాట చెప్పడానికి అప్పటికి బెర్లిన్‌లో చాలామంది ఉన్నారు. ఆమె పట్టుకున్న దారి కష్టమైనది. ధర్మశాస్త్రాన్నే సాక్షిగా పిలిచింది. బైబిల్‌లో దెబోరా న్యాయం చెప్పింది. హుల్దా ప్రవక్త్రి మాటను రాజు శిరసావహించాడు. తాల్ముద్‌లో బెరూరియా పండితులతో సమానంగా వాదించింది. ఇలా ఒక్కొక్కరినీ తెచ్చి నిలబెట్టింది. వద్దని చెప్పే వచనాలనూ దాటవేయలేదు. ఒక్కొక్కటీ విప్పి, అది దేన్ని నిషేధిస్తోందో, దేన్ని నిషేధించడం లేదో చూపించింది. చివరికి తేల్చిందేమిటంటే, అడ్డు ఉన్నది శాస్త్రంలో కాదు. దురభిమానంలోను, జనానికి అలవాటు లేకపోవడంలోను.

వ్యాసం దిద్దింది ఎడువార్డ్ బానెత్. తాల్ముద్ ఆచార్యుడు. ఆ విద్యాలయంలో రబ్బీ పట్టాకు మౌఖిక పరీక్ష పెట్టేదీ ఆయనే. వ్యాసం బాగుందని గ్రేడు వేశారు. శాస్త్రప్రకారం ఆమె వాదన నిలుస్తుందని ఆ గ్రేడుతో ఒప్పుకున్నట్టే. ఇక మిగిలింది మౌఖిక పరీక్ష, దాని తర్వాత సంతకం.

అదే ఏడాది ఆగస్టులో బానెత్ చనిపోయారు.

ఆయన చోటికి వచ్చిన హనోఖ్ ఆల్బెక్ గొప్ప పండితుడు. స్త్రీకి రబ్బీ పట్టా ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆ విద్యాలయంలో బోధించే వాళ్ళలో లియో బెక్ ఒకరు. జర్మనీలో ఉదారవాద యూదుల్లో ఆయనను మించిన పేరు లేదు. తత్త్వవేత్త. మృదుభాషి. రెజీనా ఆయన తరగతుల్లో కూర్చుంది. ప్రసంగం ఎలా కట్టాలో ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన సంతకం పెట్టి ఉంటే మిగతావాళ్ళు కాదనడానికి సంకోచించేవాళ్ళు. పట్టా విషయంలో రబ్బీల మధ్య చీలిక రావడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఆ సంతకం పడలేదు.

ఆ డిసెంబరులో రెజీనా విద్యాలయం నుంచి బయటికి వచ్చింది. చేతిలో ఉన్న పత్రం ఆమెను మతబోధ చేసే ఉపాధ్యాయినిగా గుర్తించింది. ఆడపిల్లల బళ్ళలో చేరి పాఠాలు చెప్పుకుంది. ఐదేళ్ళు గడిచాయి.

ఆ ఐదేళ్ళలో జర్మనీ మారిపోయింది. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. 1935 సెప్టెంబరులో నూరెంబర్గ్ చట్టాలతో యూదుల పౌరసత్వం పోయింది. బళ్ళ నుంచి గెంటేసిన యూదు పిల్లలకు యూదులే బళ్ళు పెట్టుకున్నారు. వెళ్ళగలిగినవాళ్ళు దేశం దాటిపోతున్నారు. వాళ్ళలో రబ్బీలూ ఉన్నారు.

ఆ ఏడాది డిసెంబరు చివరి వారంలో రెజీనా ఓఫెన్‌బాఖ్ అనే ఊళ్ళో ఒక రబ్బీ ఎదుట కూర్చుంది. ఆయన పేరు మాక్స్ డీనెమాన్. ఉదారవాద రబ్బీల సంఘం తరఫున ఆయన ఆమెను ధర్మశాస్త్రంలో పరీక్షించారు. తర్వాత హీబ్రూలో ఒక కాగితం రాశారు. శాస్త్రంలో వచ్చిన ప్రశ్నలకు ఈమె సమాధానం చెప్పగలదు, రబ్బీ పదవికి తగినది అని దాని సారం. కింద సంతకం పెట్టారు.

అంతవరకు ఆ చరిత్రలో ఏ స్త్రీ పేరు మీదా అలాంటి కాగితం లేదు. దెబోరాకు గానీ, బెరూరియాకు గానీ ఎవరూ రాసివ్వలేదు. డీనెమాన్ చేసింది చిన్న పని కాదు. ఏ సభలోనూ చప్పట్లు కొట్టించుకోకుండా, ఏ పేజీ మీదా తన గొప్ప రాసుకోకుండా చేశారు.

పట్టా వచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. బెర్లిన్ యూదు సమాజం 1937లో ఆమెను తీసుకుంది. ఒప్పందంలో మాత్రం ఉపాధ్యాయిని అనే రాసింది. పెద్ద సినగాగ్‌లో ప్రధాన వేదిక ఆమెకు ఇవ్వలేదు. ఆసుపత్రికి వెళ్ళమంది. వృద్ధాశ్రమాలకు వెళ్ళమంది. ఆడవాళ్ళ జైలుకు వెళ్ళమంది. రెజీనా వెళ్ళింది.

ఆ పనిని తక్కువ చేసి చెప్పడం తప్పు. ఆ ఏళ్ళలో బెర్లిన్ యూదు వృద్ధాశ్రమాల్లో మిగిలింది ఎవరు? పిల్లలు అమెరికాకో, పాలస్తీనాకో, షాంఘైకో వెళ్ళిపోగా వీసా దొరకని ముసలివాళ్ళు. ఆసుపత్రిలో మంచం పట్టినవాళ్ళు. వాళ్ళకు వేదిక మీది రబ్బీ అక్కర్లేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే రబ్బీ కావాలి. తమ రబ్బీ ఆడమనిషి అని వాళ్ళు ఫిర్యాదు చేయలేదు. అలవాటు లేకపోవడం ఒక అడ్డు అని ఆమె వ్యాసంలో రాసింది కదా. మంచం పక్కన ఆ అలవాటు తొందరగానే అయింది. యూదు పత్రికలు ఆమె గురించి రాశాయి. ఆమెతో మాట్లాడించి అచ్చు వేశాయి. అవన్నీ ఆమె కత్తిరించి దాచుకుంది.

1938 నవంబరులో ఒక రాత్రి జర్మనీ అంతటా సినగాగ్‌లు తగలబడ్డాయి. వేలమందిని పట్టుకుపోయారు. డీనెమాన్‌ను బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. విడిచిపెట్టాక ఆయన దేశం వదిలి పాలస్తీనా చేరారు. 1939 ఏప్రిల్‌లో టెల్ అవీవ్‌లో కన్నుమూశారు. రెజీనా పట్టా మీద సంతకం పెట్టిన ఒకే ఒక మనిషి పోయాడు.

రెజీనా కదల్లేదు. తల్లి వృద్ధురాలు. పైగా ఊళ్ళలో రబ్బీలు లేరు. 1940-41 శీతకాలంలో బ్రౌన్‌ష్వైక్, గోటింగెన్, బ్రెమెన్ వంటి చోట్లకు ఆమెనే పంపారు. పెద్ద వేదికలు ఇవ్వనివాళ్ళకు ఇప్పుడు ఇవ్వడానికి ఇంకెవరూ మిగల్లేదు. పగలంతా నిర్బంధ కూలీ చేసి వచ్చి కూర్చునే యూదుల ముందు ఆమె మాట్లాడింది. 1942లో ఆమెను కూడా ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కూలికి పెట్టారు.

ఆ ఏడాది ఆరంభంలోనే ఆమె హీబ్రూ పట్టాకు జర్మన్ పాఠం ఒకటి తయారైంది. ఇది అసలైనదేనని ధ్రువీకరిస్తూ దాని మీద ఒక సంతకం పడింది. లియో బెక్.

అప్పటికి ఆయన వయసు 68. జర్మనీలో మిగిలిన యూదులందరికీ ఆయనే పెద్ద. విదేశాల నుంచి ఎన్ని ఆహ్వానాలు వచ్చినా, తనవాళ్ళు ఇక్కడ ఉండగా కదలనని నిలబడిన మనిషి. ఆ మాట నిలబెట్టుకున్నారు. 1930లో రాని సంతకం పన్నెండేళ్ళ తర్వాత వచ్చింది. డీనెమాన్ లేని లోటు తీరింది. పట్టా నిజమని చెప్పడానికి ఇప్పుడు జర్మనీ యూదుల్లో అందరికంటే పెద్దమనిషి చేతిరాత ఉంది.

అదే ఏడాది నవంబరు మొదటి వారంలో రెజీనాకు మరో కాగితం వచ్చింది. ఆస్తుల జాబితా. బెర్లిన్ నుంచి తరలించబోయే ప్రతి యూదుకూ ఇచ్చేవాళ్ళు. బల్లలు, కుర్చీలు, దుప్పట్లు, పుస్తకాలు, ఇంట్లో ఉన్నవన్నీ సొంతదారు తన చేత్తోనే రాసివ్వాలి. రెజీనా నింపింది. సంతకం పెట్టింది. రెండు రోజుల్లో అవన్నీ జర్మన్ రాజ్యం పేరిట జప్తయ్యాయి. నవంబరు 6న ఆమెనూ తల్లినీ టెరీజియన్‌స్టాట్‌కు తీసుకుపోయారు.

ఆ జాబితాలోకి రాని కాగితాలు కొన్ని ఉన్నాయి. పరిశోధన వ్యాసం. పట్టా. ఫోటోలు. పత్రికల కత్తిరింపులు. ఉత్తరాలు. అవి బెర్లిన్ యూదు సమాజం దస్తావేజుల్లో చేరాయి.

టెరీజియన్‌స్టాట్ చెక్ నేల మీద ఉన్న పాత కోట ఊరు. ఏడు వేలమంది ఉండగలిగే చోట ఒక దశలో యాభై వేలకు పైగా యూదుల్ని కుక్కారు. 33,000 మంది అక్కడే ఆకలికి, జబ్బులకు చనిపోయారు. 88,000 మందిని అక్కడి నుంచి తూర్పున ఉన్న చావు శిబిరాలకు పంపారు.

ఆ చోట వియన్నా నుంచి వచ్చిన ఒక మానసిక వైద్యుడు ఉండేవాడు. విక్టర్ ఫ్రాంకల్. ఆత్మహత్యలను ఆపడానికి అక్కడ ఒక చిన్న సేవా బృందం నడిపాడు. రెజీనా అందులో చేరింది. ఆమె పని రైళ్ళ దగ్గర. వృద్ధాశ్రమానికి పంపుతున్నామన్న మాట నమ్మి మంచి బట్టలు కట్టుకుని వచ్చిన ముసలివాళ్ళు రైలు దిగి చుట్టూ చూసేవాళ్ళు. అక్కడికి ముందుగా వెళ్ళి, పక్కన నిలబడి, మాట్లాడి, లోపలికి నడిపించుకుని రావాలి. ఆ మొదటి గంట దాటించగలిగితే మనిషి బతకడానికి ఒక అవకాశం ఉండేది. బెర్లిన్ ఆసుపత్రి మంచాల పక్కన ఆమె నేర్చుకున్నది ఇక్కడ ఉపయోగపడింది.

సాయంత్రాలు ఉపన్యాసాలు. ఆ కోటలో ఆకలి ఎంత నిజమో చదువు కూడా అంత నిజం. ఖైదీలే ఖైదీలకు పాఠాలు చెప్పుకునేవాళ్ళు. రెజీనా ఇచ్చిన ఉపన్యాసాల జాబితా ఒకటి ఆమె చేతిరాతలో మిగిలింది. మొత్తం 24. యూదు స్త్రీల చరిత్ర, తాల్ముద్, పండుగలు, నీతి. పైన తన పేరు, దానితో పాటు తన హోదా రాసుకుంది. ఏకైక మహిళా రబ్బీ. బెర్లిన్ ఒప్పందంలో ఎవరూ రాయని మాటను ఆ కోటలో తనే రాసుకుంది. అక్కడ దాన్ని కొట్టేసేవాళ్ళు లేరు.

1943 జనవరిలో లియో బెక్‌ను కూడా అక్కడికే తెచ్చారు. డెబ్బై ఏళ్ళకు దగ్గర పడిన ఆ మనిషి చెత్తబండి లాగారు. చీకటి గదుల్లో నిలబడి ప్లేటో మీద, కాంట్ మీద మాట్లాడారు. వందలమంది నిలబడి విన్నారు. ఆయన ఉపన్యాసాలు, రెజీనా ఉపన్యాసాలు ఒకే కోటలో, ఒకే కాలంలో సాగాయి.

1944 అక్టోబరు 12న రెజీనాను తల్లితో పాటు ఆష్‌విట్జ్ చావు శిబిరానికి వెళ్ళే రైలు ఎక్కించారు. ఆమె వయసు 42. అక్కడికి చేరాక ఇద్దరూ బతకలేదు. వారం తర్వాత ఫ్రాంకల్‌ను కూడా అదే దారిన పంపారు. ఆయన బతికి బయటపడ్డాడు. బెక్ టెరీజియన్‌స్టాట్‌లోనే ఉన్నారు. 1945 మేలో విముక్తులయ్యారు.

ఫ్రాంకల్ వియన్నా తిరిగి వెళ్ళి 1946లో శిబిరాల అనుభవాల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. దాన్ని ప్రపంచమంతా చదివింది. తెలుగులోనూ దాన్ని ఎరిగిన పాఠకులు ఉన్నారు. అందులో రెజీనా పేరు లేదు. బెక్ లండన్ చేరారు. కోటలో మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేశారు. ఉదారవాద యూదుల ప్రపంచ సంస్థకు అధ్యక్షుడిగా పనిచేశారు. దేశదేశాల్లో ప్రసంగించారు. ఆ ప్రసంగాల్లో, రచనల్లో ఆమె ప్రస్తావన ఎక్కడా లేదని తర్వాత వెదికినవాళ్ళు తేల్చారు.

అమెరికాలో సిన్సినాటి నగరంలో హీబ్రూ యూనియన్ కాలేజీ ఉంది. ఉదారవాద రబ్బీలను తయారుచేసే ప్రధాన సంస్థ. రెజీనా తన వ్యాసంలో అడిగిన ప్రశ్న అక్కడ ఆమెకంటే ముందే లేచింది. ఒక అధ్యాపకుడి కూతురు రబ్బీ చదువు చదువుతానంది. 1922లో రబ్బీల సమావేశం స్త్రీకి పట్టా నిరాకరించడం న్యాయం కాదని తీర్మానించింది. మరుసటి ఏడాది కాలేజీ పాలకమండలి కుదరదంది. సంప్రదాయంలో లేదన్నదే పెద్ద అభ్యంతరం. ఆ తర్వాత ఎంతోమంది ఆడపిల్లలు ఆ గుమ్మం దాకా వచ్చారు. కొందరు చదివారు కూడా. పట్టా ఎవరికీ రాలేదు. ఇంతకు ముందు ఎక్కడైనా జరిగిందా అన్న ప్రశ్నకు వాళ్ళ దగ్గర చూపించడానికి కాగితం లేదు.

1972 జూన్ 3న ఆ కాలేజీ మొదటిసారి ఒక స్త్రీకి పట్టా ఇచ్చింది. సాలీ ప్రీసాండ్. వయసు 25. ప్లమ్ స్ట్రీట్‌లోని పాత సినగాగ్‌లో వేడుక. కాలేజీ అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ గాట్‌షాక్ ఆమె తల మీద చేతులుంచి ఆశీర్వదించారు. ఆయన చిన్నతనంలో నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చినవాడు. ఆమె పేరు పిలవగానే తోటి విద్యార్థులు, 35 మంది మగవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు. ఆ క్షణం కోసం ఆమె ఎనిమిదేళ్ళు కష్టపడింది. ఆమెకు ముందు వచ్చి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు యాభై ఏళ్ళుగా ఎదురుచూశారు.

మర్నాడు పత్రికలు తొలి మహిళా రబ్బీ అని రాశాయి. జర్మనీలో యోనాస్ అని ఒకామె ఉండేదని ఎక్కడో ఒకటి రెండు చోట్ల ఒక వాక్యం ఉంది. ఆ వాక్యానికి ఆధారం చూసినవాళ్ళు లేరు.

1989లో బెర్లిన్ గోడ కూలింది. తూర్పు జర్మనీ భద్రపరిచిన దస్తావేజులు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. 1991లో కాతరీనా ఫాన్ కెల్లెన్‌బాఖ్ అనే జర్మన్ పరిశోధకురాలు వాటిని చూడటానికి వెళ్ళింది. ఆమె యూదురాలు కాదు. స్త్రీలు మతగురువులు కావడం గురించి జర్మనీలో చర్చికీ సినగాగ్‌కూ మధ్య పోలికలు వెదుకుతోంది. అక్కడ ఒక కవరు దొరికింది. విప్పింది.

నల్లని అంగీ, నల్లని టోపీ వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని సూటిగా చూస్తున్న ఒక స్త్రీ ఫోటో. స్త్రీ రబ్బీ పదవిలో ఉండవచ్చునా అన్న వ్యాసం. పత్రికల కత్తిరింపులు. రోగుల నుంచి, ఆశ్రమాల నుంచి వచ్చిన కృతజ్ఞతల ఉత్తరాలు. హాంబర్గ్ రబ్బీ ఒకాయన ఆమెకు రాసిన ప్రేమలేఖలు. ఆయన టెరీజియన్‌స్టాట్‌లో చనిపోయారు. హీబ్రూలో పట్టా, కింద మాక్స్ డీనెమాన్ సంతకం. దాని జర్మన్ పాఠం, కింద లియో బెక్ సంతకం.

ఆ కాగితాలు యాభై ఏళ్ళు ఎవరూ దాచిపెట్టినవి కావు. ఎవరూ అడగనివి.

అప్పటికి ఫ్రాంకల్ బతికే ఉన్నారు. వియన్నాలో ఉంటున్నారు. వయసు 86. రెజీనా యోనాస్ గురించి ఆయన్ను అడిగారు. గుర్తుంది అన్నారు. ఎంతో చురుకైన మనిషి, చూసినవాళ్ళు మరిచిపోలేని వ్యక్తిత్వం, గొప్ప వక్త అన్నారు.

బెక్‌ను అడగడానికి వీల్లేకపోయింది. ఆయన 1956 నవంబరులో లండన్‌లో కన్నుమూశారు. ఆయన పేరు మీద లండన్‌లో రబ్బీల కాలేజీ వెలసింది. యుద్ధం తర్వాతి ఏళ్ళలో ఆయన అమెరికా వెళ్ళేవారు. రబ్బీలు కాబోయే విద్యార్థులకు అక్కడ పాఠాలు చెప్పేవారు. సిన్సినాటిలో, హీబ్రూ యూనియన్ కాలేజీలో.